తూర్పు చూసే పెట్టె

“‘ఎదురు రావద్దక్కా, రోంతసేపు గోడెనక్కు పో’ అనింది. అంతే గదమ్మే నీ చెల్లెలు అనింది! నిన్ను తిట్టిందా, కొట్టిందా? ఆ ఒక్క మాటకు ఇన్నాళ్ళు మూతి ముడుచుకోని కూచుంటారా యాడన్నా?” మఠం వంటపాకలో గరిటె ఊపుకుంటా అరుస్తాంది మస్తానమ్మ.

“అంతేనా? నీకు అంతేనా?” వన్నూరమ్మ బియ్యం చేట ఠప్పని కింద పెట్టింది. “మాయమ్మ పోయినప్పుడు దానికి నోట్లో పండ్లు గూడా రాలేదు. ముద్ద నమిలి పెట్టినా నేను. నా సంక దిగితే ఏడ్చేది. అట్లాంటిదాని మొగుడు కొత్త ఆటో బయటికి తీస్తాంటే నేనెదురొస్తే కీడంట! మొగుడు పోయినదాన్నంట! గోడెనక్కు పోవాలంట!”

“అనిపించింది దాని అత్త. పలికింది ఇది. నువ్వు గోడెనకే ఉంటివి గదా, ఆ ఆటో ఏమన్నా బాగుపడిందా? అమ్ముకునిరి. బేస్తవారం పొద్దున ఇల్లిడిచి బెంగళూరికి పోతాండారు. ఏదో కట్టే బిల్డింగు కాడ కాపలా పనంట. మళ్ళా ఎప్పుడొస్తారో ఏమో. ఒక్కసారి పోయి మొగం చూసి రామ్మే.”

“అదే రానీ. చిన్నది అది. అనింది అది. నేను పోను గాక పోను.”

అట్లా అని చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకునింది గానీ, రాళ్ళేరే చెయ్యి రాళ్ళేరడం లేదు. కండ్లు పాక తడికె సందులోంచి వంక దిక్కుకు పోయినాయి. ఆ చూపును మస్తానమ్మ చూసింది. చూసి, ఊపే గరిటెను మళ్ళీ కుండలోకి దించింది.

ఆ వంక రెండు పల్లెల మధ్య ఉంది. ఇవతల పల్లె వన్నూరమ్మది. అవతల పల్లె ఆమె చెల్లెలు గంగరత్న మెట్టినది. వానాకాలం నాలుగు దినాలు తప్పిస్తే అందులో నీళ్ళుండవు, ఒట్టి ఇసక. ఒక బీడీ ముట్టించుకోని దిగితే, అది ఆరకముందే అవతల గట్టెక్కొచ్చు. కానీ ఆ మాట పడిన దినం నుంచి వన్నూరమ్మకు అది దాటరాని తుంగభద్ర అయిపోయింది. వాకిలి చిమ్మేటప్పుడు, నీళ్ళు చల్లేటప్పుడు, కోడిపిల్లల్ని గంప కింద మూసేటప్పుడు, ఆ ఇసక దావ మీద ఏదో ఒక చీర రంగు కదిలేది. కదిలితే చాలు, ఆమె గుండె గడప దాటి ముందే పోయేది. గంగరత్న నడిచేటప్పుడు ఎడమచెయ్యి మాత్రమే ఊపుతాది. చీరకంటే ముందు ఆ చెయ్యి కోసం చూసేది. చెయ్యి ఊగేది కాదు. వచ్చింది ఎవరో పొయ్యిలోకి కంప కొట్టుకునేదానికి పోయే మనిషి. “ఏం వదినా, ఎవరికోసం చూస్తాండావు?” అని ఆ మనిషి అడిగితే, “ఎవరికోసమూ లేదు, ఎనుము తప్పిపోయింది” అనేది. ఆమెకు పాడి ఎనుమే లేదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు.

బోడిమిట్ట మీద ఉండేది ఆ రేకుల మఠం. మఠమంటే పెద్దగా ఏమీ లేదు, ఒక షెడ్డు, ఒక వంటపాక, తంబూర తగిలించిన ఒక మేకు. అక్కడ తత్వాలు చెప్పే గురువు పేరు కుళ్ళాయప్ప. ఆయనకొక అలవాటు. ఎవరేమడిగినా జవాబు చెప్పడు, పని చెప్తాడు. కోపం పోయేదెట్లా స్వామీ అని అడిగిన నాయకుణ్ణి బావిలో పూడిక తీయమన్నాడు. దేవుడున్నాడా అని వాదానికొచ్చిన అయ్యవారిని, ఈనబోయే ఆవు పక్కన రెండు దినాలు కూచోమన్నాడు. కొందరు తిట్టుకుంటా మిట్ట దిగిపోయినారు. పని చేసినవాళ్ళు మాత్రం మళ్ళీ అదే ప్రశ్న అడగలేదు. అందుకే ఆ మఠానికి ప్రశ్నలతో వచ్చేవాళ్ళు తక్కువ, అన్నానికి వచ్చేవాళ్ళు ఎక్కువ.

ఆ పొద్దు వంటపాకలో కొట్లాట చల్లారినాక, వన్నూరమ్మ చీర కొంగుతో మొగం తుడుచుకోని గురువు కాడికి పోయింది. ఆయన వేపపుల్ల చీల్చి నాలిక గీసుకుంటా ఉన్నాడు.

“స్వామీ, ఈ ఎదురుచూపు పోయేదానికి ఏదన్నా మంత్రముంటే చెప్పు. నాకిది వద్దు. అది రావాలని లోపల కొట్టుకుంటాంది. రాకపోతే సిగ్గయితాంది. రాకూడదని మొక్కుకుంటే, మొక్కినందుకు ఏడుపొస్తాంది.”

గురువు పుల్ల పారేసి నోరు పుక్కిలించినాడు.

“నీ ఇంట్లో పాత అట్టపెట్టెలు ఉండాయా తల్లీ?”

“ఏంటికి స్వామీ?”

“మస్తానమ్మ వాళ్ళు కంప కొట్టి కొట్టి చేతులు చీరుకుంటాండారు. మండలాఫీసు కాడ మేళాలో ఎండతో వండే పెట్టె ఒకటి చూసినా. ఒకటి చెయ్యి. దాంట్లో ఉడికిందేదో నాకు తెచ్చి పెట్టు.”

“నేను అడిగింది…”

“అడిగింది విన్నా.”

వన్నూరమ్మ గొణుక్కుంటా మిట్ట దిగింది. గురువు నోటిమాట కాదనలేదు గానీ, తన కడుపులో కోతకు అట్టపెట్టెకు ఏం సంబంధమో ఆమెకు అంతుబట్టలేదు. అయినా చేతులు ఊరికే ఉంటే కండ్లు వంక దిక్కుకే పోతాయి. అందుకోసమన్నా చేద్దామనుకునింది.

అంగట్లో టీవీ వచ్చిన పెద్ద అట్టపెట్టె అడిగి తెచ్చింది. దాంట్లో పట్టేటట్టు బిస్కెట్ల పెట్టె ఒకటి. రెండింటి మధ్య సందులో శెనక్కాయ బుడ్డల పొట్టు కూరింది, వేడి బయటికి పోకుండా. ఇస్కూలు కాడ పిల్లోళ్ళు పారేసిన చిప్సు ప్యాకెట్లు ఏరి, కడిగి, లోపలి మెరుపు పైకొచ్చేటట్టు మైదా బంకతో అతికించింది. పగిలిన బీరువా అద్దం ముక్కను పైమూతకు కట్టింది, ఎండ దాని మీద పడి పెట్టెలోకి వంగేటట్టు. పాత సిల్వర్ తపేలాకు ఆముదంలో కలిపిన మసి పూసి నల్లగా చేసింది. అన్నీ కుదిరినాయి. పెట్టె నోటికి మూసేదానికి గాజు పలక ఒక్కటే లేదు. ఇల్లంతా వెతికింది. గోడకు ఒకటే పటం ఉంది. జాతరలో దిగిన ఫోటో. వెనక గుడ్డ మీద విమానం బొమ్మ, దాని ముందర పెద్దది చిన్నదాన్ని సంకనేసుకోని నిలబడి ఉంది. చిన్నది కెమెరాను చూడలేదు, అక్క మొగం చూస్తాంది. వన్నూరమ్మ మేకులు ఊడదీసి గాజు తీసింది. ఫోటోను పాత పంచాంగంలో పెట్టి అటక మీదికి ఎక్కించింది. గాజు తుడిచేటప్పుడు చానా సేపు తుడిచింది.

ఇంక పెట్టెను యాడ పెట్టాల? దానికి ఆమె ఎవరినీ అడగాల్సిన పని లేదనుకునింది. ఆడపుట్టుక పుట్టి పొయ్యి యాడ పెట్టాలో తెలియనిది ఎవరు? పొయ్యి ఆగ్నేయం మూలనుండాల. వండేదాని మొగం తూర్పుకుండాల. ఒకసారి పాతిన పొయ్యిని కదిలించకూడదు, కదిలిస్తే సంసారం కదులుతాది. ఆమె వాకిట్లో ఆగ్నేయం మూల పేడతో అలికి, ముగ్గేసి, పెట్టెను తూర్పుకు తిప్పి కూచోబెట్టింది. నాలుగు రాళ్ళు నాలుగు పక్కల గట్టిగా బిగించింది. కొత్త పొయ్యికి పెట్టినట్టే పసుపు, కుంకుమ పెట్టి దండం పెట్టింది. తపేలాలో తియ్యటి గెనుసుగడ్డలు వేసి మూత పెట్టింది. గెనుసుగడ్డలే ఏంటికంటే, అవి అక్కచెల్లెండ్లిద్దరికీ ప్రాణం. ఆ మాట ఆమె తనకు తాను గూడా చెప్పుకోలేదు.

పొద్దున ఎండ నేరుగా వచ్చి అద్దంలో దిగింది. పెట్టె లోపల ధగధగమనింది. తపేలా చెయ్యి కాలేంత వేడెక్కింది. వన్నూరమ్మకు కడుపు నిండినట్టయింది. పొద్దు నడినెత్తికొచ్చేసరికి ధగధగ తగ్గింది. అవతలికి వాలేసరికి ఎత్తి కట్టిన అద్దం మూత నీడ దాని పెట్టె మీదనే పడింది. సాయంత్రం గడ్డ విరిచి చూస్తే, పైన మెత్తన, నడుమ పచ్చి.

మరుసటి దినం అట్లనే. ఆ మరుసటి దినం అట్లనే. “ఏమ్మే, రోంత అటు తిప్పరాదా?” అని మస్తానమ్మ పక్కింటి గోడ మీద నుంచి అడిగితే, “పొయ్యిని తిప్పుతారామ్మే యాడన్నా? నీ ఇంట్లో తిప్పుకో!” అని కసురుకునింది. “ఎండ పొద్దున రాలేదా? వచ్చింది గదా. దావ తెలుసు గదా దానికి. మళ్ళా వస్తాది.”

“వస్తాది. రేప్పొద్దున,” అని మస్తానమ్మ గోడ దిగిపోయింది.

బుధవారం మధ్యాన్నం గురువు ఎప్పుడూ లేనిది మిట్ట దిగి ఆమె ఇంటికే వచ్చినాడు. వన్నూరమ్మ గాబరాపడి మంచం వాల్చింది. ఆయన మంచం మీద కూచోలేదు. పెట్టె పక్కన నేల మీద గొంతుక్కూచున్నాడు. పసుపు, కుంకుమ చూసినాడు. బిగించిన రాళ్ళు చూసినాడు. గాజు మీద పడిన నీడను వేలితో తాకినాడు.

“గడ్డ పెడతావనుకుంటి.”

“ఉడకలేదు స్వామీ. నీ పెట్టెలోనే ఏదో లోపముంది.”

“ఎండ యాడుంది తల్లీ?”

“అదో, పడమటికి వాలింది.”

“నీ పెట్టె యాటికి చూస్తాంది?”

“తూర్పుకు.”

“తూర్పున ఇప్పుడు ఎవరుండారు?”

వన్నూరమ్మ తల తిప్పి తూర్పుకు చూసింది. ఒట్టి ఆకాశం. ఒక గద్ద గూడా లేదు.

“ఎవరూ లేరు స్వామీ. పొద్దున ఉండె.”

“పొద్దున ఉండె,” అన్నాడు గురువు.

వన్నూరమ్మ బిగించిన రాయి మీద చెయ్యి పెట్టింది. “పొయ్యిని కదిలించకూడదు గదా స్వామీ. పెద్దోళ్ళు చెప్పింది.”

“తప్పేం చెప్పలేదు. కట్టెల పొయ్యికి నిప్పు దాని కడుపులోనే ఉంటాది. కూచున్న చోటే కూచోని ఉడికిస్తాది. దీని నిప్పు దీని కాడ లేదు తల్లీ. యాడో దూరంగా ఉంది. అది ఉండే దిక్కుకు తిరగాల్సింది ఎవరు?”

ఆయన లేచి పంచె దులుపుకోని, గడ్డ అడక్కుండానే వెళ్ళిపోయినాడు.

వన్నూరమ్మ ఆ పెట్టె ముందర అట్లనే కూచునింది. తూర్పుకు చూసినప్పుడు ఆమెకు ఆకాశం కనపడలేదు. సంకలో ఉండే పిల్ల కనపడింది. పండ్లు రాని నోరు, అక్క మొగం తప్ప ఇంకో మొగం ఎరగని కండ్లు. ఇన్నాళ్ళు వాకిట్లో నిలబడి ఎదురుచూసింది ఆ పిల్ల కోసమే. వంక దాటి ఆ పిల్ల వస్తాదని, సంకనెక్కుతాదని. ఆ పిల్ల యాడుంది? పొద్దున ఉండె. ఇప్పుడు వంక అవతల ఉండేది నడుము నొప్పి, అత్త నోరు, అమ్ముకున్న ఆటో, రేపు ఎక్కబోయే బస్సు, ఇవన్నీ మోసే ఇంకెవరో ఆడమనిషి. దాని మొగం ఈమె సరిగ్గా చూసి ఎన్నాళ్ళయిందో.

వన్నూరమ్మ లేచింది. ఒక రాయి తీసింది. రెండో రాయి తీసింది. ఇల్లు కూలుతాదేమోనని ఒకసారి చూరు దిక్కు చూసింది. పెట్టెను రెండు చేతులా పట్టుకోని పడమటికి తిప్పింది. ఇల్లు కూలలేదు. అద్దం నిండా ఎండ దిగింది, కండ్లు మూసుకోవాల్సి వచ్చింది. కొత్త గడ్డలు వేసి పొద్దు జరిగే కొద్దీ పెట్టెను రోంత రోంత జరుపుతానే ఉంది. పొద్దు కొండకు ఆనేటప్పుడు మూత తీస్తే, తొక్క మీద తేనె కారినట్టు పాకం. గడ్డ వేలు పెడితే దిగబడింది.

బేస్తవారం పొద్దున్నే ఆ గడ్డలు టువాలులో కట్టుకోని వన్నూరమ్మ వంకలో దిగింది. ఇసక చల్లగా ఉంది. వాళ్ళు బయల్దేరకముందే ఇల్లు చేరాలని బిరబిరా నడిచింది. అవతల ఊరి మొదట్లో ఇస్కూలు గోడ కాడికి పోయేసరికి బాడుగ ఆటో చప్పుడు వినపడింది. మూటలు, బిందె, చాప పైన కట్టుకోని వస్తాంది. అది చూసిందో లేదో, ఆమె కాళ్ళు వాటంతట అవే గోడెనక్కు పోయినాయి. బయల్దేరినవాళ్ళకు ఎదురు రాకూడదు గదా. గోడకు వీపు ఆనించి నిలబడింది. ఆటో చప్పుడు దగ్గరికొచ్చింది. ఇంక రోంతసేపుంటే దాటిపోతాది. దాటిపోతే వీపు కనపడతాది. అదీ మూటల చాటున.

వన్నూరమ్మ గోడ ఇడిసి దావ నడుమకు వచ్చి, ఆటోకు ఎదురుగా నిలబడింది.

బ్రేకు కీచుమనింది. లోపల్నుంచి గంగరత్న అత్త చౌడమ్మ నోరు ముందు దిగింది. “థూ! ఎవరెదురు రాకూడదో వాళ్ళే ఎదురొచ్చె! బొట్టు లేని మొగమేసుకోని! నీకు వేరే దావ దొరకలేదా?” గంగరత్న మొగుడు తల దించుకున్నాడు. గంగరత్న ఆటో దిగింది. దిగి, ఎడమచెయ్యి ఊపుకుంటా నాలుగడుగులేసి, అక్క ముందర నిలబడింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. గంగరత్న చెంపలు లోపలికి పోయినాయి. వన్నూరమ్మ తల సగం నెరిసింది.

అప్పుడు గంగరత్న వెనక్కి తిరిగి అత్తతో చెప్పింది, కండ్ల నీళ్ళు కారతానే ఉన్నాయి గానీ గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

“అత్తా, ఎదురొచ్చింది గదా. ఇప్పుడు పోతే మంచిది కాదు. ఇంటికి మళ్ళుకోని పోయి, కాళ్ళు కడుక్కోని, నీళ్ళు తాగి, రోంతసేపు కూచోని బయల్దేరాల. ఎప్పుడూ నువ్వే గదా చెప్పేది?”

శాస్త్రం చౌడమ్మదే. కాదనేదానికి దావ లేదు. “తిప్పప్పా ఆటో,” అనింది.

ఇంటికి తాళం వేసి తాళంచెవి ఇంటి ఓనరుకు ఇచ్చేసినారు. అందుకని బయట తిన్నె మీద కూచున్నారు. పక్కింటామె చెంబుతో నీళ్ళిచ్చింది. వన్నూరమ్మ టువాలు విప్పింది. గంగరత్న ఒక గడ్డ విరిచి నోట్లో పెట్టుకోని, “యాడ కాల్చినావక్కా? మసి లేదు, మాడు లేదు,” అనింది.

“ఎండలో.”

“ఎండలోనా? నాకు చెప్పేదానికి ఇంకో అబద్ధం దొరకలేదా?” అని నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. “అక్కా, ఆ పొద్దు నేను…”

“తిను,” అనింది వన్నూరమ్మ.

తిన్నారు. చౌడమ్మకు గూడా ఒక గడ్డ పెట్టినారు. ఆమె మొగం అటు తిప్పుకోని తినింది, రెండోది ఇటు తిప్పుకోని తీసుకునింది. వాళ్ళెక్కాల్సిన కదిరి బస్సు హారను రోడ్డు మీద వినపడి, దూరమయి, పోయింది. ఎవరూ లేచి పరిగెత్తలేదు. ఇంకో బస్సు మధ్యాన్నం దాకా లేదు. అంత సేపూ అక్క ఒళ్ళో తల పెట్టుకోని గంగరత్న బెంగళూరులో తమకిచ్చే రేకుల గుడిసె గురించి, పిల్లోళ్ళ ఇస్కూలు గురించి, భయం గురించి చెప్తానే ఉంది. వన్నూరమ్మ పేన్లు చూస్తా, ఊ కొడతా, ఒక్కోసారి ఊ కొట్టడం మరిచిపోయి ఆ మొగాన్నే చూస్తా ఉంది.

రెండోసారి ఆటో కదిలేముందు చౌడమ్మ నసిగింది. “ఏమ్మా, నువ్వింక… యాడ నిలబడతావు?”

జవాబు గంగరత్న చెప్పింది. “ఎదురుగానే నిలబడక్కా. మలుపు తిరిగేదాకా నాకు కనపడాల.”

ఆ సాయంత్రం వన్నూరమ్మ మిగిలిన ఒక గడ్డ తీసుకోని మిట్ట ఎక్కి, గురువు చేతిలో పెట్టి, జరిగిందంతా చెప్పింది. ఆయన తొక్క తీయకుండానే తిన్నాడు.

“ఎదురుచూపు పోయిందా తల్లీ?”

“లేదు స్వామీ. ఎక్కువయింది. అంతకుముందు వంక దాకానే ఉండె, ఇప్పుడు బెంగళూరు దాకా పోతాంది.” లోపల ముల్లులా ఉండేది గూడా బయట పెట్టింది. “చౌడమ్మ మాట నిజమే స్వామీ. నేనెదురొచ్చినందుకు వాళ్ళ బస్సు తప్పిపోయింది. అది కీడేనా?”

గురువు చేతులు కడుక్కున్నాడు.

“కీడే. అంత కీడు అందరికీ దొరకదు తల్లీ.”

వన్నూరమ్మ ఆ మాట మూట కట్టుకోని మిట్ట దిగిపోయింది. ఆమె సంగతి అది. మరి మీరు చెప్పండి, ఏ బస్సు తప్పిపోయింటే బాగుండునని మీ ప్రాణం ఇంకా కొట్టుకుంటాంది?